డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బస్తరు అడవిపల్లెలలో గర్భిణులకును, కొడవలికణ రక్తవ్యాధి గలవారికిని ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇచ్చుట నేడు పరిపాటి. స్వల్పమైన వెలకు లభించు ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాని జీవితకథ దాగియున్నది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. బాల్యము పేదరికమున గడచెను. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, జాతీయోద్యమ ప్రభావమున ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్సా గదిలోనికి వెళ్ళుటచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. బదులు ఎల్.ఎం.యస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. ఇంతలో స్ప్రూ అను జీర్ణవ్యాధి కొలదిదినముల వ్యవధిలో ఆయన సోదరులనిరువురను బలిగొనెను. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను తపన ఆయనను విడువలేదు.

మామగారి ఆదరమును, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమును ఆధారముగా గొని, భార్య శేషగిరిని స్వదేశమున విడిచి ఆయన అమెరికా చేరెను. ఆసుపత్రిలో పరిచారకుడుగా పనిచేయుచు హార్వర్డులో చదివెను. ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను వారు వెలికితీసిరి. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారెను.

అచట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. ఈ అణువులో మూడు భాగములు గలవు: టెరిడిన్, పారా అమినో బెంజోయిక్ ఆమ్లము, గ్లుటామిక్ ఆమ్లము. చివరి రెండింటిని కలుపునది ఎమైడు బంధము. నడుమనున్న భాగమునే పోలియుండుటచే సల్ఫా మందులు సూక్ష్మజీవులను మోసగించును. అవి ఫోలిక్ ఆమ్లమును తయారుచేసికొనలేక పెరుగుట మానును. మానవుడు దానిని ఆహారమునుండి గ్రహించును గనుక ఆ మోసము అతనిని బాధింపదు. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి ఈ ఫోలిక్ ఆమ్లమే గుణమిచ్చెను. కాని వారు గతించి అప్పటికి రెండు దశాబ్దములు దాటెను.

ఫోలిక్ ఆమ్లమును స్వల్పముగా మార్చి, ఆయన బృందము అమినోప్టెరిన్‌ను తయారుచేసెను. 1948లో ఫార్బర్ దానిని రక్తపు కాన్సరు గల శిశువులకిచ్చి, కొందరిలో కొంతకాలము వ్యాధి తగ్గుటను లోకమునకు చాటెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును, అరియోమైసిన్ అను జీవనాశక ఔషధమును ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను.

ఆ మందు పనిచేయు తీరు కంటికి గోచరించుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను. 1977లో, ఫోలిక్ ఆమ్లమును వినియోగపరచు ఎన్‌జైమును మెథోట్రెక్సేట్‌తో కూడ స్ఫటికముగా చేసి, దానిపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఒక అణువులో నత్రజనిని గాని ఆమ్లజనిని గాని అంటియున్న ఉదజని, పొరుగు అణువులోని ఆమ్లజని లేక నత్రజని చేత ఆకర్షింపబడుటయే ఉదజని బంధము. విడివిడిగా బలహీనములైన ఇట్టి బంధములు పెక్కు కలసి మందును ఎన్‌జైములో బిగించి పట్టుకొనియుండుట ఆ చిత్రమున స్పష్టమయ్యెను.

సుబ్బారావు ఆ చిత్రమును చూడలేదు. స్వదేశమునకు మరలకయే, 1948 ఆగస్టులో, ఏబదిమూడవ ఏట అమెరికాలో కన్నుమూసెను. భారత ప్రభుత్వము 1995లో ఆయన శతజయంతి సందర్భమున తపాలాబిళ్ళను వెలువరించెను. ఆయన నామమెరుగని పల్లెలలోను ఆయన కృషిఫలము నేడు అందుచున్నది.