చేదును తీపిని కలిపి త్రాగిన హృదయము
ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ జీవితము

(ధ్యాన భాగములు: కీర్తన 131, యోబు 1:13-22, గలతీ 5:16-18)



మన పల్లెలలో తల్లి బిడ్డకు పాలు మాన్పింపవలెనని తలచినప్పుడు వేపాకు నూరి రొమ్మునకు పూయుట మీరెరుగుదురు. కొందరు పిల్లలు నోరు చేదు కాగానే మొగము త్రిప్పుకొందురు. కొందరు అట్లు కాదు. చిన్న చేతితో ఆ చేదును తుడిచివేసి మరల నోరు పెట్టుదురు. తుడిచినను పోనియెడల చేదును తీపిని కలిపియే త్రాగుదురు. అమెరికా దేశములోని ఒక చిన్న ఊరిలో 8 మంది బిడ్డలను పెంచిన తల్లి యొకతె ఈ సంగతిని కనిపెట్టి, 1664వ సంవత్సరములో తన కుమారుని కొరకు కూర్చిన ధ్యానములలో వ్రాసిపెట్టెను. అచ్చట వేపాకు లేదు. మాచిపత్రియో ఆవపిండియో పూసెడివారు. దేవుడు ఈ లోక సుఖములలో చేదు కలుపుట మనలను గట్టి ఆహారమునకు మరలించుటకేననియు, మనము మాత్రము ఆ చేదును కూడ మ్రింగి లోకమునే పట్టుకొని యుందుమనియు ఆమె భావము.

ఆ తల్లి పేరు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. ఆమె పేరు పొందిన కవయిత్రి. ఆ చిన్న పోలికలోనే ఆమె జీవితమంతయు ఉన్నదని నాకు తోచుచున్నది.

ఆన్ ఇంచుమించు 1612లో ఇంగ్లండు దేశములో జన్మించెను. తండ్రి థామస్ డడ్లీ, లింకన్ ప్రభువు సంస్థానములో దివాను వంటి ఉద్యోగి. ఆ దినములలో ఆడపిల్లలకు చదువు చెప్పించువారు అరుదు. అయితే డడ్లీ తన కుమార్తెకు చదువు చెప్పించెను. ఆ సంస్థానపు పుస్తకములు ఆమెకు అందుబాటులో నుండెను. వారు ప్యూరిటనులు. అనగా ఇంగ్లండు సంఘములో మిగిలిన ఆచారములను తీసివేసి, ఆరాధనను వాక్య ప్రకారము శుద్ధిచేయవలెనని కోరినవారు. 6, 7 ఏండ్ల ప్రాయములోనే తన తప్పులను గూర్చి మనస్సాక్షి తన్ను గద్దించెడిదని ఆమె తరువాత తన పిల్లలకు వ్రాసిన లేఖలో తెలిపెను. 16 ఏండ్ల వయస్సులో మశూచికము సోకి, ప్రాణాపాయము దాటి బ్రతికెను. ఇంచుమించు ఆ కాలముననే సైమన్ బ్రాడ్‌స్ట్రీట్ అను చదువరియైన యువకునితో ఆమె వివాహము జరిగెను.

1630లో ప్యూరిటనులు అనేకులు రాజుయొక్క, బిషప్పులయొక్క ఒత్తిడికి తాళలేక ఓడలెక్కి అమెరికాకు పోయిరి. ఆన్ తన భర్తతోను తలిదండ్రులతోను అర్బెల్లా అను ఓడలో ప్రయాణము చేసెను. రెండు నెలలకు పైగా సముద్రముమీద గడిపి, జూన్ మాసములో సేలం రేవు చేరిరి. అక్కడ వారికి కనబడినది అడవి, ఆకలి, రోగము. ఏ ప్రభు కుటుంబపు స్త్రీ పేరు ఆ ఓడకు పెట్టబడెనో ఆ అర్బెల్లా దొరసానియే కొన్ని నెలలు గడువకమునుపే అచ్చట మరణించెను.

ఇక్కడ ఆన్ దాచకుండ ఒప్పుకొనిన ఒక మాట గమనింపుడు. ఆ క్రొత్త దేశమును, క్రొత్త పద్ధతులను చూడగానే తన హృదయము తిరుగబడెనని ఆమె వ్రాసెను. ఇది దేవుని మార్గమేయని నమ్మకము కలిగిన తరువాతనే తలవంచి సంఘములో చేరెను. సంతోషముతో గంతులువేయుచు వచ్చితినని ఆమె చెప్పలేదు. ముందు తిరుగుబాటు, వెనుక లోబాటు. ఈ రెండును ఆమె కవిత్వమునకు రెండు కండ్లవంటివి.

పెండ్లియైన చాలకాలము వరకు ఆమెకు బిడ్డలు కలుగలేదు. ప్రార్థనలతోను కన్నీళ్లతోను అడిగి అడిగి మొదటి కుమారుడైన సామ్యూలును పొందెను. తరువాత ఏడుగురు కలిగిరి. ఇప్స్‌విచ్ అను ఊరిలోను, పిమ్మట ఆండోవర్ అను ఊరిలోను కాపురముండి, ఇంటిపని, తరచుగా వచ్చు జబ్బులు, బిడ్డల పెంపకము, వీటి నడుమ తీరిక చేసికొని ఆమె పద్యములు వ్రాసెను. ఆమె వ్రాతప్రతిని చెల్లెలి భర్త లండనుకు తీసికొనిపోయి, ఆమెకు తెలియకుండ 1650లో అచ్చువేయించెను. గ్రీకుల కథలలో కవిత్వమునకు తొమ్మండుగురు దేవతలు గలరు. ఈమెను పదియవదిగా ఎంచుచు ఆ గ్రంథమునకు పేరు పెట్టిరి. ఆ పుస్తకములో ఎక్కువగా నున్నవి రాజ్యములను గూర్చి, ఋతువులను గూర్చి, పంచభూతముల వంటి వాటిని గూర్చి పాండిత్యముతో వ్రాసిన దీర్ఘ పద్యములు. ఆమె హృదయమును చూపు పద్యములు అనేకము ఆమె మరణించిన తరువాత 1678లో బోస్టనులో అచ్చయినవి. మరికొన్ని వ్రాతప్రతిలోనే యుండి, 1867లో వెలువడిన సంపుటము ద్వారా లోకమునకు తెలిసినవి.

ఈ హృదయ పద్యములలో ఆమె లోపలి పోరాటమును ఎట్లు తెలియజేసెనో ఇప్పుడు చూతము.

ప్యూరిటనుల బోధ యిది: భర్తను, బిడ్డలను, ఇంటిని ప్రేమింపుము, అవి దేవుని దానములు, అయితే పాలు విడిచిన బిడ్డవలె వాటినుండి మనస్సు విడిపించుకొని ప్రేమింపుము. చెప్పుట సులభమే. భర్త సంస్థాన కార్యములమీద పోయి దినముల తరబడి రాకున్నప్పుడు, ఆన్ అతనిని సూర్యునితో పోల్చి, అతడు దూరమైనందున తనకు చలికాలము వచ్చినదని వ్రాసెను. మనస్సు విడిపించుకొనిన స్త్రీ మాట యిది కాదు. తన ప్రేమ ఎంత గట్టిదో ఆమె దాచలేదు.

మరియొక పద్యములో శరీరమును ఆత్మను ఇద్దరు అక్కచెల్లెండ్రుగా చేసి, ఒక యేటి ఒడ్డున వారు వాదించుకొనునట్లు వ్రాసెను. గలతీయులకు అపొస్తలుడు వ్రాసిన సంగతియే యిది. అయితే ఆమె చేసినదేమనగా, శరీరమును రాక్షసిగా చూపక, ఇంటి ఆడబిడ్డగా చూపెను. ఆ సోదరి అడుగు ప్రశ్నలు కూడ పామరమైనవి కావు: ధ్యానము తిని బ్రతుకుదువా, కంటికి కనబడని దానికొరకు చేతనున్నది విడుతువా అని అడుగును. చివరకు ఆత్మయే గెలుచును. కాని ఒక యింటిలో పుట్టినవారి జగడము ఒక్క దినమున తీరునది కాదని చదువువానికి తెలియును.

పిల్లలకు వ్రాసిన లేఖలో ఆమె ఇంకను లోతుగా పోయెను. లేఖనములు నిజమా, అసలు దేవుడున్నాడా అను సందేహములు తన్ను అనేక పర్యాయములు బాధించెనని తల్లి తన బిడ్డలకు చెప్పెను. ఆకాశము భూమి నడచు క్రమమును, రాత్రింబగళ్ల రాకపోకలను, భూమిమీదనున్న ఈ గొప్ప కుటుంబమంతటికి దినదినము దొరకు పోషణను చూచి తాను నిలువబడితినని చెప్పెను. సందేహము లేని తల్లిగా కనబడవలెనని ఆమె కోరలేదు. సందేహములో బిడ్డలకు తోడుండవలెనని కోరెను.

1666 జూలై 10వ తేదీ రాత్రి ఆండోవరులోని వారి ఇల్లు తగులబడెను. ఆ సంగతినిగూర్చి ఆమె విడికాగితము మీద పద్యము వ్రాసికొనెను. నిద్రలో పెద్ద చప్పుడు విని లేచుట, దేవునికి మొరపెట్టుట, బయటికి వచ్చి మంటలను చూచి చూచి ఇక చూడలేకపోవుట, పిమ్మట యోబువలె ఇచ్చి తీసికొనిన వానిని స్తుతించుట, ఇవన్నియు వరుసగా చెప్పెను. సొత్తు ఆయనదే గాని నాది కాదనెను. బోధ ప్రకారము పద్యము అక్కడ ముగియవలెను. ముగియలేదు! ఆ శిథిలముల ప్రక్కగా నడచిపోవునప్పుడెల్ల ఆమె కన్ను అటు తిరుగును. ఇక్కడ కూర్చుండెడిదానను, ఇక్కడ పండుకొనెడిదానను, ఆ పెట్టె అక్కడ నుండెడిది అని తలచుకొనును. ఇక నీ కప్పు క్రింద అతిథి కూర్చుండడు, కథ చెప్పుకొనుట లేదు, దీపము వెలుగదు, పెండ్లికుమారుని స్వరము వినబడదు అని బూడిదతో మాటలాడును. అప్పుడు తన హృదయమును తానే గద్దించి, దేవుడు కట్టిన పరలోక గృహమును జ్ఞాపకము చేసికొనును. చిట్టచివర ఈ లోకమును ఇక ప్రేమింపనియ్యకుమని వేడుకొనును. వేడుకొనుచున్నదంటే ఆ ప్రేమ యింకను పోలేదన్నమాట. విజయము వచ్చినదని ఆమె దండోరా వేయలేదు. విజయము కొరకు ప్రార్థించెను.

ఇంటికంటె పెద్ద నష్టము సామ్యూలు ఇంట కలిగెను. 1665లో ఏడాదిన్నర వయస్సుగల మనుమరాలు ఎలిజబెతు చనిపోయెను. 1669 జూన్ మాసములో, తన పేరు పెట్టుకొనిన మనుమరాలు ఆన్, 3 సంవత్సరముల 7 నెలల ప్రాయమున పోయెను. అదే సంవత్సరము నవంబరులో ఒక నెల ఒక దినము మాత్రమే బ్రతికిన మనుమడు సైమన్ పోయెను. మరుసటి యేడు కోడలు మెర్సీయు పోయెను.

ఎలిజబెతును గూర్చిన పద్యములో ఆమె సెలవు సెలవు అని పదే పదే చెప్పి, బిడ్డ నిత్యత్వములో నున్నది గనుక ఏడ్వనేల అని తన్ను తానే అడుగుకొనును. పిమ్మట ముదిరిన చెట్లు పడుట, పండిన పండ్లు రాలుట, పైరు కోతకు వచ్చుట ప్రకృతి ధర్మమేననును. అయితే అప్పుడే నాటిన మొక్క పెరికివేయబడుట, మొగ్గ రాలిపోవుట మాత్రము ప్రకృతిని నడిపించువాని చేతిపనియే అని ముగించును. ఇది లోబాటా, ప్రశ్నయా? రెండును. చిన్న సైమనును గూర్చిన పద్యములోనైతే నోరు మూసికొందము, ఆయన న్యాయవంతుడే గాక కరుణగలవాడనియు చెప్పుదము అను భావము గలదు. హృదయము ఇంకను చెప్పలేకున్నదానిని నోటిచేత చెప్పించుచున్నట్లుండును. గుండె పగిలినవాని విశ్వాసము తరచుగా అట్లే యుండును.

ఆన్ చాలకాలము జబ్బుతో క్షీణించి, 1672 సెప్టెంబరు 16న ఆండోవరులో ప్రభువునందు నిద్రించెను. ఆమె భర్త తరువాత మసాచుసెట్స్ గవర్నరాయెను. అయితే నేడు ఆ గవర్నరును లోకము తలచుకొనుట ఎక్కువగా ఆమె భర్తయైనందుననే.

నేను సేవకు వచ్చిన క్రొత్తలో ఒక పల్లెలో ఒక తల్లి తన పసిబిడ్డ సమాధి యొద్ద నేలబడి ఏడ్చుచుండగా, అమ్మా, ఏడ్చుట అవిశ్వాసము, ఊరకుండుము అంటిని. ఆమె ఊరకుండెను. అటుపిమ్మట చాలకాలము ఆరాధనలో కూడ ఊరకయే యుండెను. కీర్తన పాడునప్పుడు ఆమె పెదవులు కదలలేదు. నేనామె కన్నీటిని ఆపితిననుకొంటిని గాని, ఆపినది ఆమె ప్రార్థనను. బ్రాడ్‌స్ట్రీట్ అమ్మగారి పద్యములు చదివినప్పుడు నా తప్పు నాకు తెలిసెను. యోబు వస్త్రము చింపుకొని నేలబడిన తరువాతనే దేవుని స్తుతించెను. చింపుకొనుట పాపమని లేఖనము చెప్పలేదు.

గనుక సహోదరులారా, దుఃఖగృహమునకు పోయినప్పుడు తొందరపడి నోరు మూయింపకుడి. వారు దేవునితోనే మొరపెట్టుకొననియ్యుడి. సహోదరీ, నీవు చేదును తీపిని కలిపి త్రాగుచున్నయెడల సిగ్గుపడకుము. పాలు మాన్పించు తల్లి బిడ్డను దూరముగా పారవేయదు. బిడ్డ ఏడ్చుచున్నంతసేపు తన ఒడిలోనే పెట్టుకొనును. 131వ కీర్తనలోని బిడ్డ నెమ్మది పొందినదియు ఆ తల్లి యొద్దనే.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ కీర్తనను చదువుకొని, దేవుని యెదుట మీరు దాచుచున్న ఒక దుఃఖమును ఆయనకు చెప్పుకొనుడి. ప్రభువు మీ కందరికి ఆదరణ దయచేయును గాక. ఆమేన్.