ఇవాన్ పావ్లోవ్ పండితుని చరిత్రము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏ కవిని గూర్చియో, రాజును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. కాని బ్రదుకంతయు అంకెలు వేసి కూడికలు సరిచూచుకొన్న నాకు, బిందువులు లెక్కించి ఒక శాస్త్రమును నిలిపిన రష్యా దేశపు పండితుడే దగ్గరివాడుగా తోచెను.

ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్ 1849 సెప్టెంబరులో ర్యాజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవాలయమున అర్చకుడు. బాల్యమున ఎత్తునుండి పడి గాయపడుటచే బాలుడు పదునొకండవ యేటివరకు బడికి పోజాలకపోయెను. తండ్రి వృత్తికే సిద్ధపడుచు మతపాఠశాలలో చదువుచుండగా, మెదడునందలి ప్రతీకార చర్యలను గూర్చి సెచినోవ్ అను శాస్త్రజ్ఞుడు 1863లో ప్రకటించిన రచన ఆయన త్రోవను మరల్చెను. 1870లో అర్చకత్వము నాశింపక సెంట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ప్రకృతి శాస్త్రములు చదువబోయెను. 1881లో వివాహమైనది. 1890లో సైనిక వైద్య విద్యాలయమున ఆచార్య పదవి లభించువరకు ఆ దంపతులను పేదరికము వీడలేదు.

తరువాత పెక్కేండ్లు ఆయన జీర్ణక్రియను పరిశోధించెను. ఆరోగ్యముగా తిరుగాడు కుక్కలకే నేర్పుతో శస్త్రచికిత్స చేసి, జఠరరసము ఎప్పుడు, ఎంత, ఏ ఆహారమునకు ఊరునో కొలిచెను. 1904లో నోబెల్ బహుమానము వచ్చినది ఈ పనికే. కుక్కకు గంట వినిపించినందుకు వచ్చినదని పలువురు చెప్పుకొనుట పొరపాటు.

కుక్క కథ ఒక చిక్కుతో మొదలైనది. కంటిలో నలుసు పడిన రెప్ప వాలును; నిప్పు తాకిన చేయి వెనుకకు వచ్చును; నోట ఆహారము పడిన లాలాజలము ఊరును. పుట్టుకతో వచ్చు ఈ ప్రతీకార చర్యలను ఎవరును నేర్పనక్కరలేదు. కాని పావ్లోవ్ ప్రయోగశాలలోని కుక్కలకు, ఆహారము నోటికందకముందే, తెచ్చు పనివాని అడుగుల చప్పుడునకే లాలాజలము స్రవించుచుండెను. కొలతలు చెడుచున్నవని మరియొకడైనచో విసుగుకొనియుండును. పాలచెంబు చప్పుడునకే ఆవు చేపునని మనలో పాడి గలవారందరును ఎరుగుదురు. ఎరిగియు ఎందుకని అడిగినవారము కాము. పావ్లోవ్ అడిగెను. కుక్క తలంపులను, కోరికలను చెప్పి దీనిని వివరింపబూనిన సహచరునితో విభేదించి, కుక్క మనస్సులో ఏమున్నదో మనకు కానరాదు గనుక కానవచ్చు బిందువులనే లెక్కింతమని నిశ్చయించుకొనెను. మిగిలిన ముప్పదియేండ్లకు పైబడిన జీవితము ఈ లెక్కకే చెల్లినది.

కుక్క చెక్కిలికి చిన్న నాళము అమర్చి, లాలాజలమును బొట్టుబొట్టుగా పట్టిరి. గంటయే కాదు, దీపపు వెలుగు, చర్మముపై స్పర్శ, సంగీతమునకు తాళము కొట్టు మెట్రోనోము అను యంత్రము, ఇట్టి వానినెన్నిటినో వాడిరి. టక్కుటక్కుమను శబ్దము వినిపించి వెంటనే ఆహారమిచ్చుచు పలుమారులు చేయగా, తుదకు శబ్దమునకే బిందువులు రాలెను. దీనికి నిబంధిత ప్రతీకార చర్య అని పేరు.

అటుపిమ్మట పరీక్షను తిరుగవేసిరి. శబ్దము చేయుదురు, ఆహారమీయరు. మరల మరల ఇట్లు చేయగా బిందువులు తరుగుచువచ్చి తుదకు నిలిచిపోవును. ఊరిలో ముమ్మారు వట్టి దండోరా వేయించినచో నాల్గవమారు చావడికెవరు వత్తురు? ఇంతవరకు మనమును ఊహింపగలము. కాని కుక్కకు కొంత విశ్రాంతినిచ్చి మరల శబ్దము చేయగా, ఆహారము చూపకయే బిందువులు మరల రాలెను! తరుగుచున్న వేళ అనుకొనని వేరొక చప్పుడు వినబడినను అట్లే తిరిగివచ్చెను. మరచిపోయినదైనచో ఎట్లు వచ్చును? కావున అణగుట మరచుట కాదనియు, మెదడే ఆ చర్యను లోలోపల నిరోధించుచున్నదనియు ఆయన తీర్మానించెను. నా భాషలో చెప్పవలెనన్న, ఖాతా కొట్టివేయబడలేదు, చెల్లింపు నిలుపబడినది. పావ్లోవ్ కనుగొన్నవానిలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఇదియే.

పుట్టుకతో వచ్చిన చర్యయు పునరావృత్తిచే మందగించును. క్రొత్త చప్పుడు వినగనే కుక్క చెవులు నిక్కించి అటు తిరుగును. అదే చప్పుడు పలుమారులు వచ్చి ఏమియు జరుగకున్న, తల ఎత్తుట మానును. శిష్యులు తాము సాధించిన నిబంధిత చర్యను గురువునకు చూపబోవగా, ఆయన గదిలో అడుగిడుటయే తడవు కుక్క ఆ క్రొత్తమనిషిని పరికించుటలో పడి లాలాజలమును స్రవింపకుండెడిది. అందుచే బయటి చప్పుడు సోకకుండ మందపు గోడలతో, చుట్టును కందకముతో వేరొక ప్రయోగశాలనే కట్టించిరి.

1914లో జరిగిన ఒక ప్రయోగము చదివి నాకు జాలి కలిగినది. వృత్తము చూపిన ఆహారము, అండాకృతి చూపిన లేదు. అండాకృతిని క్రమముగా వృత్తమునకు చేరువ చేయుచు, దాని అక్షములు 9కి 8 నిష్పత్తిలో నుండునట్లు చేయగా, శాంతమైన ఆ కుక్క అరచుచు, కట్లు కొరుకుచు చెడిపోయెను. మునుపు తేలికగా గుర్తించిన భేదములును దానికి తప్పిపోయెను. శాస్త్రమునకు లాభమైనదనుట నిజము; ఆ మూగజీవమునకు జరిగినది అన్యాయమనుటయు నిజము.

విప్లవానంతర క్షామమున ప్రయోగశాలలోని కుక్కలు ఆకలిచే మరణించెను. 1921 జనవరిలో లెనిన్ ప్రత్యేక శాసనముతో పావ్లోవ్ పరిశోధనలకు వసతులు కల్పించెను. అయినను ప్రభుత్వపు కాఠిన్యమును పావ్లోవ్ విమర్శింపక మానలేదు. 1934 డిసెంబరులో పాలకులకే నిర్భయముగా లేఖ వ్రాసెను.

1924 సెప్టెంబరులో నేవానది పొంగి లెనిన్‌గ్రాడు మునిగెను. నీటిలో చిక్కిన కుక్కలను ఈదించి కాపాడిరి. తరువాత చూడగా కొన్నింటిలో ఏండ్ల తరబడి నేర్పిన చర్యలు చెదరిపోయియుండెను. ఓర్పుతో వానిని మరల నిలిపినను, గది తలుపు క్రిందినుండి కొద్దిపాటి నీరు పారించినంతనే ఒక కుక్క వణకి, నేర్చినదంతయు మరల కోలుపోయెను. అప్పటికే వృద్ధుడైన పావ్లోవ్ ఈ సంఘటనమును విడువక, మనుష్యులలో భయము మిగిల్చు రోగములను గూర్చి ఆలోచించుచు, కడపటి యేండ్లలో మానసిక చికిత్సాలయములకు పోయి రోగులను పరిశీలించుచుండెను. అంతకుముందే ఆయన శిష్యుడు క్రాస్నోగోర్స్కీ పసిపిల్లలలోను నిబంధిత చర్యలు ఏర్పడుటను పరీక్షించియుండెను.

1935లో లెనిన్‌గ్రాడునందలి ప్రయోగ వైద్య సంస్థ ఆవరణమున కుక్కకు ఒక స్మారక విగ్రహము వెలసినది. మరుసటి యేడు ఫిబ్రవరి 27వ తేదీన, ఎనుబదియారవ యేట, ఊపిరితిత్తుల వాపుచే పావ్లోవ్ స్వర్గస్థుడయ్యెను.