ఏడు రంగుల ఆటగాడు: మర్హూమ్ సయ్యద్ మహమ్మద్ హాదీ గారు



మన బుజుర్గులలో ఒకరి జీవితాన్ని పిల్లలకు పరిచయం చేయాలని ఈ పేజీలు ఉంచుకున్నాము. ఈసారి మేము ఎంచుకున్నది ఆలిమ్‌ను కాదు, కవిని కాదు, ఒక ఆటగాణ్ణి. కొందరు పెద్దలకు ఇది వింతగా తోచవచ్చు. ఆటల మీద కాలం పాడు చేస్తారని పిల్లల్ని కోప్పడే ఇళ్ళు మనవి. కనుక దయచేసి చివరిదాకా చదవవలసిందిగా మనవి చేస్తున్నాము.

సయ్యద్ మహమ్మద్ హాదీ గారు 1899లో జన్మించారు. తండ్రి నిజాం ఫౌజులో కెప్టెన్, పోలో ఆటలో పేరున్న మనిషి. అయితే హాదీ గారు పసితనంలోనే తండ్రి నీడకు దూరమయ్యారు. మన భాషలో చెప్పాలంటే యతీము బిడ్డ. ఆ బిడ్డను ఆస్మాన్ జా పైగా వారి కుటుంబం చేరదీసింది. ఆ కుటుంబానికి చెందిన నవాబ్ మొయినుద్దౌలా గారి పేరు మీదనే తర్వాత సికింద్రాబాదులో క్రికెట్ గోల్డ్ కప్ పోటీలు మొదలయ్యాయి. ఆటలంటే అంత మక్కువ ఉన్న ఇల్లది.

ఆ ఇంట్లో గుర్రాలున్నాయి, టెన్నిస్ కోర్టున్నది. తిండి, బట్ట పెట్టి, చదువు చెప్పించి, ఇక మా బాధ్యత తీరిందని వారు అనుకోలేదు. తమ బిడ్డలతో సమానంగా ఆటలోనూ చోటిచ్చారు. ఇక్కడే మేము ఒక్క క్షణం ఆగి ఆలోచించాము. యతీము బిడ్డకు ఫీజు కట్టే పుణ్యాత్ములు మనలో చాలామంది ఉన్నారు. అతని చేతికి బంతి ఇచ్చేవారు ఎందరు?

పెద్ద చదువుకని హాదీ గారు ఓడలో ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ టెన్నిస్‌లో విశ్వవిద్యాలయం తరఫున ఆడి, బ్లూ అనే గౌరవం పొందారు. వింబుల్డన్ పచ్చిక మీద ఆడారు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత టెన్నిస్ జట్టులో ఆయన ఒకరు. అప్పటికి ఆయనకు ఇరవై అయిదేళ్ళు ఇంకా నిండలేదు. లాహోరుకు చెందిన మహమ్మద్ సలీం వంటి మేటి ఆటగాళ్ళు ఆ జట్టులో ఉండిరి. ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచి టెన్నిస్‌ను తీసేశారు. పతకాల పోటీగా మళ్ళీ వచ్చింది 1988లోనే. 1924, 1925 సంవత్సరాలలో డేవిస్ కప్‌లో కూడా హాదీ గారు దేశం తరఫున ఆడారు.

ఇప్పటి పిల్లలు ఒక్క సంగతి గ్రహించాలి. ఆ రోజుల్లో వింబుల్డన్‌లో గెలిచినా పైసా రాదు. పైకం పుచ్చుకొని ఆడేవాళ్ళను ఆ పోటీలకు రానిచ్చేవారే కాదు. ఆ తలుపులు తెరుచుకున్నది 1968లో. ఆ సంవత్సరం వింబుల్డన్ పురుషుల విజేతకు ఇచ్చింది 2,000 పౌన్లు. హాదీ గారి ఆట అంతా అంతకు ముందే ముగిసింది. అంటే ఆటలో ఆయనకు మిగిలిన సంపాదన పేరు ఒక్కటే.

ఆయన టెన్నిస్‌తోనే ఆగలేదు. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగం కూడా ఆడారు. ఏడు ఆటలు గనుక ఇంద్రధనుస్సుతో పోల్చి రెయిన్‌బో హాదీ అని పేరు పెట్టారు. 1934-35లో రంజీ ట్రోఫీ మొదటిసారి జరిగింది. హైదరాబాదు తరఫున మద్రాసు మీద సికింద్రాబాదులో ఆడుతూ ఆయన 132 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచారు. రంజీ చరిత్రలో అదే మొట్టమొదటి సెంచరీ. అప్పుడాయన వయసు ముప్పై అయిదు! 1936లో విజయనగరం మహారాజకుమార్ నాయకత్వాన ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టు వెంట కూడా ఆయన వెళ్ళారు.

తాను ఆడింది చాలని ఊరుకోక, తర్వాత హైదరాబాదులో బడిపిల్లల వ్యాయామ విద్య కోసం, ఆటల సంఘాల కోసం పాటుపడ్డారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం తొలి రోజుల్లో పెద్దగా ఉన్నది ఆయనే. ఆ సంఘానికే తర్వాత కార్యదర్శి అయిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. హాదీ గారు 1971లో పరమపదించారు.

ఆయన పోయిన ముప్పై ఏళ్ళకు అదే హైదరాబాదు నుంచి మరో బిడ్డ రాకెట్ పట్టి లేచింది. 2003లో పదహారో ఏట సానియా మీర్జా వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005లో పద్దెనిమిదేళ్ళకే హైదరాబాదు పోటీలో సింగిల్స్ విజేత అయింది. ఆ స్థాయి పోటీ గెలిచిన తొలి భారత మహిళ ఆమెనే. 2015లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. అంత దూరం ఎందుకు, మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2011లో పద్నాలుగేళ్ళ వయసులో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ పోటీ గెలిచింది. 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది. ఈ ఇద్దరి వెనుకా తండ్రులు నిలబడ్డారు. హాదీ గారికి తండ్రి లేకపోయినా తండ్రిలా నిలిచిన ఇల్లున్నది. ఎవరూ లేని బిడ్డకు ఆ ఇల్లు సంఘమే కావాలి.

మన దగ్గర నవాబులు లేరు, అది నిజమే. హాదీ గారికి అబ్బినన్ని వసతులు మన పిల్లలకు కలలోకి కూడా రావు. మరి మన పెర్కిట్‌లో పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు? పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజులు వస్తే ఉన్న ఖాళీ జాగా అంతా పసుపు పాలు. అది మన అన్నం, దాన్ని కాదనలేం. పిల్లలేమో బంతి పట్టుకొని సడకు మీదికి పోతారు. మనది రెండు జాతీయ రహదారులు కలిసే చోటు. పగలనక రాత్రనక లారీలు పోతుంటాయి. బంతి వెంట ఉరికే పిల్లవాడికి లారీ కనబడదు. ఈ భయం ప్రతి తల్లికీ తెలుసు.

అందుకని సభ్యులకు మా మనవి ఒక్కటే. జకాత్ సొమ్ము లెక్క వేరు, దాన్ని ముట్టవద్దు. అది ఎవరికి చెందాలో వారికే చెందాలి. దానికి వేరుగా, ఇష్టమున్నవారు ఇచ్చిన దానితో, సడకుకు దూరంగా పిల్లలకు ఒక ఆట జాగా చూద్దాము. కొనలేకపోతే కౌలుకైనా తీసుకుందాము. ఒక పూట మగపిల్లలకు, ఒక పూట ఆడపిల్లలకు. అక్కడి నుంచి వింబుల్డన్‌కు ఎవరైనా పోతారా పోరా అన్నది అల్లాహ్ చేతిలో ఉన్నది. సాయంత్రం ఆడిన పిల్లలు మగ్రిబ్ వేళకు క్షేమంగా ఇల్లు చేరుతారు, మాకు అదే చాలు.

అల్లాహ్ హాదీ గారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఒక యతీము బిడ్డకు ఇంట్లోనూ ఆటలోనూ చోటిచ్చిన వారికి తగిన ప్రతిఫలం ఇచ్చుగాక. ఆమీన్.