ప్రార్థనలో బాగుపడిన మిషనరీ మనోవైద్యశాల ఎందుకు స్థాపించారు?

ఇ. స్టాన్లీ జోన్స్ గారి పేరు మన సంఘాల్లో చాలామంది విన్నదే. 1925లో వెలువడిన 'ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్' పుస్తకం, గాంధీజీతో స్నేహం, 1930లో సాత్ తాల్ వద్ద ప్రారంభించిన ఆశ్రమం, వేర్వేరు మతాలవారితో కూర్చుని జరిపిన రౌండ్ టేబుల్ సమావేశాలు... ఇవన్నీ మనం చెప్పుకుంటూనే ఉంటాం. అదే దైవజనుడు 1950లో లక్నోలో మానసిక రోగుల కోసం ఒక వైద్యశాల స్థాపించారన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. నేటి మన సంఘాలకు ఆయన జీవితంలో ఎక్కువ అవసరమైన భాగం ఇదేనని మేము నమ్ముతున్నాం.

1884లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టిన జోన్స్ గారు 1907లో మెథడిస్టు మిషనరీగా లక్నో వచ్చారు. కొత్త భాష, మండే ఎండలు, విశ్రాంతి లేని సేవ. ఎనిమిదేళ్లు గడిచేసరికి మనిషి లోపలినుంచి అలసిపోయారు. సెలవు మీద అమెరికా వెళ్తూ, ఓడలో ఆదివారం వాక్యం చెబుతుండగానే కుప్పకూలిపోయారు. ఏడాదికి పైగా అక్కడ ఉండి తిరిగి వస్తూ, మనీలాలో విద్యార్థుల మధ్య కూటాలు జరుపుతుండగా మళ్లీ కూలబడ్డారు. భారతదేశం చేరాక కొండ ప్రాంతానికి వెళ్లి నెలల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. కిందికి దిగి పని మొదలుపెట్టగానే మళ్లీ అదే పరిస్థితి. మళ్లీ కొండకే వెళ్లారు. ఇక సేవ మానుకోవలసిందేనన్న స్థితికి వచ్చారు.

ఆ రోజుల్లో అలాంటి మనిషికి దొరికే సలహా విశ్రాంతి ఒక్కటే. జ్వరానికి, గాయానికి ఆసుపత్రులు ఉండేవి. మనసు దెబ్బతిన్నవారికి ఉన్నవి ఎత్తైన గోడల వెనుక ఉండే ఆశ్రయాలే. ఈ రెండింటి మధ్య దారి దాదాపు లేదు. మన దేశంలో 1933లో గానీ, కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో గిరీంద్రశేఖర్ బోస్ గారు సాధారణ ఆసుపత్రిలోనే మనోవైద్య ఓపీ తెరవలేదు.

జోన్స్ గారికి మేలు జరిగింది ప్రార్థనలో. లక్నోలో ఒక రాత్రి తన అశక్తతను ప్రభువు ముందు ఒప్పుకుని, ఆ భారాన్ని ఆయనకు అప్పగించారు. ఆ రాత్రి నుంచి కొత్త బలం పొందానని ఆయన జీవితాంతం సాక్ష్యమిచ్చారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా దేశదేశాలు తిరిగి సువార్త ప్రకటించారు.

ఇంతటి సాక్ష్యం ఉన్నవాడు, నాలాగే మోకరించండి, డాక్టరెందుకు అని ఊరుకుని ఉండవచ్చు. ఆయన అలా అనలేదు. తనకు దేవుడు చేసిన మేలును ఇతరులను తూచే తూకపురాయిగా చేయలేదు. లక్నోలో ఆయన స్థాపించిన నూర్ మంజిల్, అంటే వెలుగు నిలయం, మనోవైద్యాన్నీ క్రైస్తవ విశ్వాసాన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. అక్కడ డాక్టరు, ప్రార్థించేవాడు ఒకరికొకరు పోటీ కారు.

ఈనాడు పెద్ద ఆసుపత్రుల్లో ఈ కలయికే ఒక పద్ధతిగా నడుస్తోంది. గుండె దడ అంటూ వచ్చిన సహోదరికి ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు ఫిజీషియన్ ఆమెను సైకియాట్రిస్టుకు రిఫర్ చేస్తారు. వార్డులో ఉన్న రోగి దగ్గరకైతే సైకియాట్రిస్టే మంచం దగ్గరకు వస్తారు. నిద్రలేమి, తలనొప్పి, కడుపులో మంట వెనుక కుంగుబాటు ఉండవచ్చు. కొన్నిసార్లు మనసు జబ్బులా కనిపించేదాని వెనుక థైరాయిడ్ లోపం ఉండవచ్చు. అందుకే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. పురుగుమందు తాగిన యువకుడికి క్యాజువాలిటీలో కడుపు కడిగి ప్రాణం నిలబెడతారు. కానీ అతన్ని ఆ పనికి పురికొల్పిన బాధ ఏమిటో ఎవరూ అడగకుండా ఇంటికి పంపితే పని సగమే అయినట్టు. అలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి ఆదరించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది.

అయితే డాక్టరు రాసిచ్చిన ఆ రిఫరల్ చీటీ చాలాసార్లు దిండు కిందే ఉండిపోతుంది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారని నలుగురూ అంటారేమోనని భయం. ఆ నలుగురిలో మన సంఘస్థులు ఉండకూడదు. కుంగిపోయినవారిని విశ్వాసం చాలదని గద్దించడం, ఉపవాసం ఉంటే చాలని మందులు మాన్పించడం, ప్రతి వ్యాధికీ దయ్యం పేరు పెట్టడం మనలో లేవని చెప్పగలమా? బదరీచెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె తినిపించాడు. హోరేబులో దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే.

జోన్స్ గారి చివరి రోజులు కూడా ఇదే నేర్పుతాయి. 1971 డిసెంబరులో పక్షవాతం వచ్చి, ఊరూరా వాక్యం చెప్పిన నోట మాట తడబడింది. ఆయన ప్రార్థన మానలేదు, చికిత్స కాదనలేదు. సరిగా పలకని ఆ గొంతుతోనే చివరి పుస్తకాన్ని టేపు రికార్డరులో చెప్పారు. 1973 జనవరి 25న, తాను ప్రేమించిన ఈ దేశంలోనే, బరేలీలో ప్రభువునందు నిద్రించారు.

కాపరులారా, సంఘ పెద్దలారా, ఈ వారం మీ దగ్గరకు ప్రార్థన కోరి వచ్చేవారిలో నిద్ర పట్టనివారు, బ్రతకాలని లేదనేవారు ఉండవచ్చు. వారి తలమీద చేయి వేసి ప్రార్థించండి. తర్వాత వారి వెంట ఆసుపత్రి ఓపీ దాకా నడవండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చని చెప్పండి. ఆ నంబరును చర్చి నోటీసు బోర్డు మీద రాయించండి. మోకాళ్ల మీద స్వస్థత పొందినవాడే ఇతరుల కోసం వైద్యశాల తెరిచాడు. మనం ఆ తలుపు దాకా ఒకరికి తోడుగా వెళ్లలేమా?