సర్ అలెగ్జాండరు మెకంజీ

ఉత్తర అమెరికా ఖండపు వాయవ్యభాగమున గ్రేట్ స్లేవ్ అను మహాసరస్సు కలదు. ఆ సరస్సునుండి బయలువెడలి, 1,738 కిలోమీటర్ల దూరము ప్రవహించి, ఆర్కిటిక్ సముద్రమున కలియు నదికి మెకంజీ నది యని పేరు. తరతరములుగా ఆ తీరమున నివసించు దెనే జాతివారు దానిని తమ భాషలో పెద్దనది యను అర్థము గల దెహ్‌చో యను పేరుతో పిలుచుదురు. ఏ మనుష్యుని పేరు ఆ నదికి కలిగెనో ఆ మనుష్యునకు ఆ నది మొదట ఇచ్చినది కీర్తి కాదు, నిరాశ. ఆ నిరాశను ఆయన యెట్లు వినియోగించుకొనెనో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

అలెగ్జాండరు మెకంజీ 1764వ సంవత్సరమున స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమునందు స్టోర్నొవే పట్టణమున జన్మించెను. బాల్యముననే తల్లి మరణించెను. 1774లో తండ్రి కుమారుని వెంటబెట్టుకొని న్యూయార్కునకు వలస వచ్చెను. మరుసటి సంవత్సరమే అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ఆరంభమయ్యెను. తండ్రి ఇంగ్లండు రాజు పక్షమున సైన్యమున చేరి 1780లో చనిపోయెను. అంతకు రెండేండ్లకు పూర్వమే బాలుని మాంట్రియల్ నగరమునకు పంపియుండిరి. అచ్చట కొద్దికాలము మాత్రమే బడిలో చదివి, 1779లో, సుమారు పదునైదేండ్ల ప్రాయమున, అతడు బొచ్చుతోళ్ల వర్తకుల కొలువున ప్రవేశించెను.

ఆ కాలమున బీవరు అను జంతువు బొచ్చుతో చేసిన టోపీలకు ఐరోపాలో మిక్కిలి గిరాకి యుండెను. ఆ తోళ్లు దొరకు అరణ్యములలో బాటలు లేవు, నదులే బాటలు. భూర్జవృక్షపు బెరడును సన్నని కొయ్య బద్దలపై పరచి, దేవదారు జాతి చెట్ల వేళ్లతో కుట్టి, అతుకులకు బంక పూసి అచ్చటి ప్రజలు తేలిక పడవలు చేయుదురు. జలపాతము అడ్డము వచ్చినచోట ఆ పడవను భుజములపై మోసికొని గట్టువెంట నడచి, మరల నీటిలో దించవచ్చును. బెరడు చినిగినయెడల అడవిలోనే మరియొక చెట్టు బెరడుతో బాగుచేసికొనవచ్చును. తోళ్ల వర్తకమంతయు ఈ పడవలపైననే నడచుచుండెను.

గ్రేట్ స్లేవ్ సరస్సునుండి పడమటికి ప్రవహించు ఒక మహానది కలదనియు, అది పసిఫిక్ సముద్రమున కలియుననియు పీటర్ పాండ్ అను వృద్ధ వర్తకుడు తలంచుచుండెను. అది నిజమయ్యెనేని వర్తకమునకు క్రొత్త ద్వారము తెరచుకొనును. మెకంజీ ఆ మాట నమ్మి 1789 జూన్ 3వ తేదీన అథబాస్కా సరస్సు ఒడ్డునగల ఫోర్ట్ చిపెవయాన్ నుండి బయలుదేరెను. ఆయనతో నలుగురు ఫ్రెంచి కెనేడియనులును, వారిలో ఇద్దరి భార్యలును, ఒక జర్మను యువకుడును పడవ నెక్కిరి. ఇంగ్లీషు నాయకుడని వర్తకులు పిలుచు ఒక చిపెవయాన్ పెద్ద తన యిద్దరు భార్యలతో వేరొక పడవలో వచ్చెను. వేటాడుటకు ఇద్దరు యువకులును కూడ వచ్చిరి. భాష తెలిపినవారును, ఆహారము తెచ్చినవారును వీరే. స్త్రీలు దుప్పితోలుతో పాదరక్షలు కుట్టుచునేయుండిరి.

సరస్సును చేరునప్పటికి జూన్ మాసమయ్యును మంచుగడ్డ కరగలేదు. నదీముఖమును కనుగొనుటకే ఇంచుమించు ఇరువది దినములు పట్టెను. జూన్ 29న నదిలో ప్రవేశించినప్పుడు అది పడమటికే పోవుచుండెను; అందరును సంతసించిరి. కాని కొన్ని దినములకే పడమట పర్వతపంక్తి అడ్డము నిలిచెను. నది ఉత్తరమునకు తిరిగెను. త్రోవ చూపుటకు భయపడిన ఒక స్థానికుని బలవంతముగా పడవ ఎక్కించుటయు జరిగెను. ఇది మెచ్చదగిన పని కాదు. తాము పసిఫిక్‌నకు గాక ఉత్తర సముద్రమునకు పోవుచున్నామని జూలై 10వ తేదీకి మెకంజీకి స్పష్టమయ్యెను. తోడివారు వెనుకకు మరలుదమని వేడిరి. ఇంకను ఏడు దినములలో సముద్రము కానరానియెడల మరలెదనని ఆయన వారికి మాట యిచ్చెను.

ఒకనాటి రాత్రి ఆయన సూర్యుని పరీక్షించుటకు మేల్కొనియుండెను. సూర్యుడు అస్తమింపనే లేదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఆ వింత చూపవలెనని ఒక పనివానిని లేపగా, వాడు ప్రొద్దెక్కినదని తలంచి ప్రయాణమునకు లెండని తక్కినవారిని కేకలు వేయసాగెను! కొన్ని దినములకు ఒక ద్వీపమున దిగియుండగా నీరు పెరిగి సామానులను తడిపెను. అది సముద్రపు పోటు అని తరువాత తెలిసెను. జూలై 14న తెల్లని తిమింగలములు కానవచ్చెను. అచ్చట ఒక కొయ్య పాతి, దానిపై తన పేరును, తోడివారి సంఖ్యను చెక్కించి, మెకంజీ వెనుదిరిగెను.

తిరుగు ప్రయాణమున మెకంజీ మనస్సు కలతపడియుండెను. పర్వతములకు పడమట మరియొక నది కలదని విని, దానినిగూర్చి స్థానికులను సరిగా విచారింపలేదని ఇంగ్లీషు నాయకుని నిందించెను. నాయకుడు మిక్కిలి కోపించి, ఇక తోడు రానని చెప్పి, తనవారితో కూడ చాలసేపు విలపించెను. అతడు లేనిదే ముందునకు సాగుట దుర్లభమని మెకంజీ యెరుగును. కావున ఆయన తానే అతని బ్రతిమాలి, రాత్రి భోజనమునకు పిలిచి సమాధానపడెను. సెప్టెంబరు 12న అందరును కోటకు చేరిరి. 102 దినములలో ఇంచుమించు 3,000 మైళ్ల ప్రయాణము జరిగెను.

పని నిష్ఫలమయ్యెనని ఆయన తలంచెను. అయితే తనకు లోపించినది ధైర్యము కాదనియు, విద్య యనియు గ్రహించెను. తానున్న స్థలమును నక్షత్రములవలన నిశ్చయించు శాస్త్రము ఆయనకు చాలినంత రాదు. చదువు విడిచి పండ్రెండేండ్లు గడచెను. వర్తకమున పెద్దపదవియు కలదు. అయినను ఆయన సిగ్గుపడక 1791లో ఇంగ్లండునకు పోయి, ఖగోళశాస్త్రము నభ్యసించి, మంచి యంత్రములను కొనితెచ్చెను.

1793 మే 9న పీస్ నది వెంబడి పడమటికి మరల బయలుదేరెను. ఈసారి అలెగ్జాండరు మెకే అను సహచరుడును, ఆరుగురు పడవవారును, ఇద్దరు స్థానిక వేటగాండ్రును, ఒక కుక్కయు వెంటనుండిరి. పడవ పొడవు 25 అడుగులు. అయినను ఇద్దరు మనుష్యులు దానిని మోసికొని మూడు నాలుగు మైళ్లు నడువగలరు. జూన్ 13న ఒక కొండవాగులో పడవ బండలకు తాకి బ్రద్దలయ్యెను. అందరును దానినే పట్టుకొని ప్రాణములతో బయటపడిరి. తుపాకిగుండ్లు మాత్రము మునిగిపోయెను. పడవవారు ఇండ్లకు పోదమనిరి. మెకంజీ వారిని తొందరపెట్టక, మంట వేయించి, వేడిభోజనము పెట్టించి, పిమ్మట వారి పూర్వధైర్యమును జ్ఞాపకము చేసెను. తడిసిన తుపాకిమందును ఆరబెట్టగా, ఒకడు వెలిగించిన చుట్టగొట్టముతో దానిమీదుగానే నడచిపోయెను! దైవికముగా అపాయము కలుగలేదు. వారు పడవను బెరడుతో అతికి ముందునకు సాగిరి.

తరువాత వచ్చిన నది పడవలకు యోగ్యము కాదని స్థానికులు చెప్పగా ఆయన విని, వారు చూపిన కాలిబాటనే పర్వతములు దాటెను. బెల్లా కూలా నదీతీరమున నుక్సాల్క్ జాతివారు సాల్మన్ చేపలతో విందొనర్చి, పడవల నిచ్చి పంపిరి. 1793 జూలై 22న పసిఫిక్ తీరమున ఒక బండమీద, కొవ్వుతో కలిపిన ఎర్రరంగుతో, తన పేరును, తేదీని వ్రాసెను. ఆ రాత్రి బృహస్పతి ఉపగ్రహములను పరిశీలించి స్థలనిర్ణయము చేసెను. లండనులో నేర్చిన విద్య అచ్చట ఫలించెను. దారిలో తప్పిపోయిన కుక్కయు మరలివచ్చునప్పుడు దొరకెను. ఆగస్టు 24న అందరును క్షేమముగా కోటకు చేరిరి.

1801లో ఆయన యాత్రాగ్రంథము ప్రకటితమయ్యెను. 1802లో సర్ అను బిరుదు లభించెను. 1812లో వివాహమాడి స్కాట్లండున నివసించి, 1820 మార్చి 12న మరణించెను.

బాలబాలికలారా, మొదటి నది ఆయనను కోరినచోటికి చేర్చలేదు. కాని తనకు తెలియనిదేదో దానివలన ఆయనకు తెలిసెను. అట్లు తెలిసిన పిమ్మట ఇరువదియేడేండ్ల ప్రాయమున మరల విద్యార్థి యయ్యెను. పరీక్షలో తప్పినవాడు తన పుస్తకమును మూసివేయునా, తెరచునా యనునదే ముఖ్యము.