తన దేశాన్ని వదులుకోని ఫ్రెడరిక్ డగ్లస్

పరాయి దేశంలో పనిచేసే మనకు జీతం చేతికి రావడం, కాగితాలు సరిగా ఉండడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండూ లేకుండా బతుకు మొదలుపెట్టిన ఒక కూలీ గురించి ఈసారి చెప్పుకుందాం.

ఫ్రెడరిక్ డగ్లస్ 1818లో అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టారు. బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు దిద్దిస్తుంటే, చదువొస్తే బానిస మాట వినడని భర్త మాన్పించేశాడు. డగ్లస్ ఊరుకోలేదు. వీధిలో తెల్లపిల్లలకు రొట్టె ముక్కలిచ్చి చదువు నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఓడల చెక్కల సందుల్లోంచి నీరు రాకుండా పూడ్చే పని చేశారు. రోజుకు ఒకటిన్నర డాలర్ దాకా వచ్చేది. వారం తిరిగేసరికి అదంతా యజమానికి ఇచ్చేయాలి.

1838 సెప్టెంబర్ 3న నావికుడి బట్టలు వేసుకుని, మరొకరి కాగితాలతో రైలెక్కారు. అందులో రాసిన పోలికలు ఆయనవి కావు. నిదానంగా చూసి ఉంటే దొరికిపోయేవారే. అలా న్యూయార్క్ చేరి, తర్వాత న్యూ బెడ్‌ఫర్డ్‌లో కాపురం పెట్టారు. అక్కడ తెల్ల పనివాళ్లు తన పక్కన పనిచేయమనడంతో చేతిపని వదిలి మోత పనులు చేశారు. అయినా ఆ కూలి డబ్బులు ఆయనవే.

1845లో తన కథను పుస్తకంగా రాశారు. దాంతో పట్టుబడే భయం పెరిగి ఐర్లాండ్, ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ గౌరవం దొరికింది. మిత్రులు 150 పౌండ్లు కట్టి ఆయన్ను విడిపించారు. అక్కడే ఉండిపోవచ్చు. కానీ తన వాళ్లు ఇంకా సంకెళ్లలోనే ఉన్నారని 1847లో తిరిగొచ్చి, రాచెస్టర్‌లో పత్రిక పెట్టారు.

అప్పట్లో బానిసల యజమానులు రాజ్యాంగం తమవైపే ఉందనేవారు. బానిసత్వాన్ని ఎదిరించే గారిసన్ కూడా అదే మాటని, అందుకే ఆ రాజ్యాంగం వద్దనేవారు. 1854లో దాని ప్రతిని సభలో కాల్చారు కూడా. డగ్లస్ మొదట గారిసన్ శిష్యుడే. తర్వాత తానే చదివి, 1851లో వేరే దారి పట్టారు. అందులో న్యాయం, స్వేచ్ఛ అని రాసి ఉన్నాయి కదా, వాటినే పట్టుకుని అడుగుదాం అన్నారు. పాత స్నేహితులు దూరమయ్యారు.

అలాగని దేశాన్ని పొగుడుతూ కూర్చోలేదు. 1852 జులై 5న, ఈ స్వాతంత్ర్య పండుగలో బానిసకు వాటా ఏదని నిండు సభలో నిలదీశారు. 1857లో సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులే కారంది. అప్పుడూ ఆశ వదల్లేదు. యుద్ధమొస్తే ఇద్దరు కొడుకులు సైన్యంలో చేరారు. చివరికి 1865లో రాజ్యాంగ సవరణతోనే బానిసత్వం రద్దయింది. 1869లో, చైనా కూలీలను రానివ్వొద్దని చాలామంది అంటుంటే, బతుకుతెరువుకు వలస వెళ్లడం మనిషి హక్కని వాళ్ల తరఫున మాట్లాడారు. 1895 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

మన గదుల్లో రాత్రిపూట ఒకరు ఈ పార్టీని తిడతారు, మరొకరు ఆ పార్టీని. చివరికి దేశమే బాగోలేదని తేల్చేసి పడుకుంటాం. తిట్టడంలో తప్పు లేదు. అలా మాట్లాడే హక్కు, ఓటు హక్కు, సంఘం పెట్టుకునే హక్కు మన రాజ్యాంగం ఇచ్చినవే. వాడుకుంటేనే అవి నిలబడతాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు ఓటరు జాబితాలో మన పేరుందో లేదో చూసుకుందాం.