జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) ప్రముఖ యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. ఈయన కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామములో తెలుగు కుటుంబములో జన్మించాడు. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయినది.

యౌవనములో ఒక ఆంగ్లేయుని మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, కోయంబత్తూరులో హోటలు పనివాడుగా చేరి డబ్బు కూడబెట్టి అటువంటి బండిని కొన్నాడు. దానిని నడుపుటతో తృప్తిపడక, భాగములన్నీ విప్పి తిరిగి అమర్చాడు. అమరకపోయిన కష్టార్జితమంతా ఇనుప ముక్కలుగా మిగిలేది. పెట్రోలును గాలితో తగు పాళ్ళలో కలిపే కార్బ్యురేటరు ఆనాటి బండ్లకు ప్రాణము. అట్టి యంత్రవిద్యను ఈయన చేతులతోనే అభ్యసించాడు.

1920లో పొల్లాచి - పళని మధ్య ఒకే బస్సుతో ఆరంభించిన రవాణా యూనివర్సల్ మోటార్ సర్వీసుగా ఎదిగినది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి దేశీయ విద్యుత్ మోటారును తయారుచేశాడు. ఈయన పేరిట గల ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో పాత కార్ల ప్రదర్శనశాలను ప్రారంభించినది.